వైన్ ద్రాక్షతోటలో జీవవైవిధ్యం: పూల పట్టీలు వేసే ముందు ఏం సరిచూసుకోవాలి?

తీగసాలు (ప్రశ్న):

ఐదెకరాల వైన్ ద్రాక్షతోట. వరుసకూ వరుసకూ 2.5 మీటర్లు, తీగల వయసు తొమ్మిదేళ్లు, నీళ్లు డ్రిప్‌తో. వానలు చలికాలంలోనే, వేసవంతా పొడి. వరుసల మధ్య సందుల్ని ఇప్పటిదాకా గడ్డిపరక లేకుండా దున్ని ఉంచుతున్నాం. ఏటా పచ్చదోమ, ఎండలు ముదిరాక ఎర్రనల్లి, రెండు మూలల్లో పిండినల్లి వస్తున్నాయి. మందు కొట్టిన మూడు నాలుగు వారాలకు మళ్లీ అదే పరిస్థితి.

ఈసారి సందుల్లో పూల మొక్కలు, గట్టున జీవకంచె వేసి మిత్రపురుగుల్ని నిలుపుకోవాలని ఉంది. అడగాల్సినవి ఇవి. ఏ విత్తనం, ఎంత, ఎన్ని సందుల్లో? వేసవిలో ఇవి తీగ నీళ్లు తాగేయవా? పచ్చదనం పెరిగితే బూజు తెగులు, బూడిద తెగులు పెరుగుతాయా? రసం నాణ్యత మీద ప్రభావం ఏమిటి? వరస, మోతాదులతో చెబితే మేలు.

భూతద్దం:

విత్తనం సంచి తెరిచే ముందు పోయిన ఏడాది మందుల చిట్టా తెరవండి. మిత్రపురుగుల్ని చంపే పనులు ఆగకుండా ఎన్ని పూలు వేసినా, పిలిచి విషం పెట్టినట్టే అవుతుంది.

పచ్చదోమ సంగతి ముందు. దాని గుడ్లు ఆకు కణజాలం లోపల ఉంటాయి. వాటిని వెతికి పట్టేది అనాగ్రస్ అనే పరాన్న కందిరీగ. పొడవు అర మిల్లీమీటరు అటూ ఇటూ, అంతే. దోమ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. 20 రెట్ల భూతద్దంతో ఆకు అడుగుభాగం వెలుతురుకు పెట్టి చూడండి: మామూలు గుడ్డు పారదర్శకంగా ఉంటుంది, అనాగ్రస్ పట్టిన గుడ్డు ఎర్రబడుతుంది. ఆ ఎర్ర చుక్కలు కనిపిస్తే తోటలో పని మొదలైందన్నమాట.

ఈ కందిరీగకు తేనె దొరక్కపోతే ఒకటి రెండు రోజుల్లో చస్తుంది, దొరికితే అంతకు కొన్ని రెట్లు బతుకుతుంది. పూలు కావాల్సింది ఇందుకు. అయితే గంధకం అవశేషం దానికి పడదు. బూడిద తెగులుకు గంధకం మానలేరు, నిజమే. పొడి గంధకం బదులు నీటిలో కలిపి కొట్టే రకానికి మారండి. పొడి గాలికి పూల పట్టీ మీదికి, కంచె మీదికి పోతుంది. ఉష్ణోగ్రత 32 డిగ్రీలు దాటే రోజుల్లో ఏ రకమూ కొట్టకండి, ఆకు మాడుతుంది. ఎర్ర చుక్కలు బాగా కనిపించే వారాల్లో, తెగులు అదుపులో ఉంటే, గంధకం కాని మందుతో ఒక దఫా దాటించవచ్చు.

ఎర్రనల్లి చాలా తోటల్లో మనం చేతులారా తెచ్చుకునేదే. కారణాలు రెండు. ఒకటి దుమ్ము: దున్నిన సందులో, మట్టి బాటలో ట్రాక్టర్ తిరిగితే ఆకుల మీద దుమ్ము పేరుకుంటుంది, దుమ్ము పట్టిన ఆకు మీద నల్లి పెరుగుతుంది, దాన్ని తినే మిత్రనల్లికి ఇబ్బందవుతుంది. రెండోది మ్యాంకోజెబ్ పదేపదే వాడటం. అది బూజు తెగులు మందే అయినా టైఫ్లోడ్రోమస్ లాంటి మిత్రనల్లిని తగ్గించేస్తుంది. ఆకుకు సగటున ఒక మిత్రనల్లి ఉంటే ఎర్రనల్లికి సాధారణంగా మందు అక్కర్లేదు. మీ తోటలో అసలు లేకపోతే, అది బాగా ఉన్న తోట నుంచి వేసవిలో చిగురు రెమ్మలు తెచ్చి తీగల మధ్య దోపితే ఎక్కిపోతుంది. తెచ్చే తోటలో వైరస్, పిండినల్లి లేవని చూసుకున్నాకే తేవాలి. ఈ మిత్రనల్లి పుప్పొడి కూడా తింటుంది. అందుకని గడ్డిజాతి మొక్కల్ని కొన్ని సందుల్లో పూతకు రానివ్వడం దానికి మేత.

పిండినల్లి మూలల్లో చీమల్ని చూడండి. తీగ కాండం మీద చీమల బారు ఉంటే ఏ కందిరీగా, ఏ అక్షింతల పురుగూ అక్కడ నిలవదు. చీమలు పిండినల్లి కార్చే తేనెబంక కోసం దానికి కాపలా కాస్తాయి. లీటరు నీటికి 250 గ్రాముల పంచదార, 5 నుంచి 10 గ్రాముల బోరిక్ యాసిడ్ కలిపి, చీమ మాత్రమే దూరే రంధ్రాలున్న మూత డబ్బాల్లో కాండం దగ్గర పెట్టాలి. బోరిక్ యాసిడ్ ఎక్కువైతే చీమ దారిలోనే చస్తుంది, పుట్టలోకి చేరదు. మోతాదు పెంచితే పని చెడేది అందుకే. సేంద్రియ ధ్రువీకరణ ఉంటే ముందు నియమాలు చూసుకోండి.

చీమలు తగ్గాక పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును వదలొచ్చు. ఒక జాగ్రత్త మాత్రం పనివాళ్లందరికీ చెప్పాలి. దీని పిల్ల పురుగు ఒళ్లంతా తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలా ఉంటుంది. పిండినల్లి 3 నుంచి 5 మిల్లీమీటర్లు, ఇది సెంటీమీటరు దాటుతుంది, ముట్టుకుంటే చకచకా నడుస్తుంది. తెలియనివాళ్లు దీన్నే నలిపేస్తారు.

పచ్చిరొట్ట:

విత్తనం లెక్క చెబుతాను. ఇక్కడే చాలామంది తప్పుతారు.

2.5 మీటర్ల ఎడంలో ఎకరానికి వరుస పొడవు దాదాపు 1,620 మీటర్లు. సందు విడిచి సందులో 1.5 మీటర్ల పట్టీ వేస్తే నిజంగా విత్తే నేల 1,215 చదరపు మీటర్లు, అంటే ఎకరంలో 30 శాతం. మీ ఐదెకరాలకు విత్తే విస్తీర్ణం ఎకరంన్నర. సంచి మీద రాసిన మోతాదును ఐదెకరాలకు లెక్కేస్తే మూడు రెట్లకు పైగా విత్తనం పడుతుంది. దట్టంగా మొలిచి ఒకదాన్నొకటి అణుచుకుని పూత పూయవు.

బక్‌వీట్ పేరు అందరూ చెబుతారు. న్యూజిలాండ్ ద్రాక్షతోటల్లో పేరు తెచ్చుకున్న మొక్క అది, విత్తిన ఐదారు వారాల్లో పూస్తుంది. కానీ మీ వేసవి పొడి, డ్రిప్ తీగ మొదట్లోనే ఉంది. సందులో తడి లేకుండా బక్‌వీట్ నిలవదు, చలికాలం మంచుకూ తట్టుకోదు. నీటి గొట్టం అందే వరుస చివర్లలో మాత్రమే వేయండి. సందులకు కోత అయ్యాక, వానలకు ముందు విత్తి చలికాలపు తడితోనే పెరిగేవి కావాలి.

పూల సందుకు, విత్తే ఎకరానికి: ఫసీలియా 2 కిలోలు, ధనియాలు 2 కిలోలు, అలిస్సం అర కిలో. వీటి మధ్య సందులకు: బార్లీ 20 కిలోలు, పప్పుజాతి పచ్చిరొట్ట పైరైన వెచ్ 10 కిలోలు.

విత్తడం రెండు దఫాలు. నేలను 3 నుంచి 5 సెంటీమీటర్ల లోతు మాత్రమే గీరండి. ఫసీలియా, ధనియాలు పొడి ఇసుకతో కలిపి చల్లి సెంటీమీటరు మట్టి కప్పాలి. ఫసీలియా గింజ వెలుతురు తగిలితే సరిగా మొలవదు. అలిస్సం దీనికి పూర్తిగా వ్యతిరేకం, దానికి వెలుతురు కావాలి. అందుకే మట్టి కప్పాక, రెండో దఫాలో అలిస్సం పైన చల్లి రోలర్ తిప్పి వదిలేయాలి. అన్నీ ఒకే సంచిలో కలిపి ఒకే లోతులో వేస్తే ఏదో ఒకటి తప్పకుండా పోతుంది, తప్పు విత్తనానిది అనుకుంటాం. బార్లీ, వెచ్ 2 నుంచి 3 సెంటీమీటర్ల లోతున పడాలి.

పూవు ఆకారం కూడా చూడాలి. ఫసీలియా తేనెటీగలకు బాగుంటుంది కానీ దాని పూగొట్టం లోతు, చిన్న కందిరీగల నోరు అందదు. కందిరీగకు కావాల్సింది అలిస్సం, కొత్తిమీర పూవు లాంటి తెరిచిన చిన్న పూలు. వెచ్‌కు ఇంకో గుణం ఉంది. పూవు లేకపోయినా ఆకు మొదట్లో తేనె గ్రంథులు ఉంటాయి. చీమలు అటు మళ్లే అవకాశం ఉంది.

ఇక కోత. బార్లీ–వెచ్ సందుల్ని తీగ కళ్లు విచ్చే ముందే కోసి అక్కడే పరచండి. ఆలస్యమైతే నీటి పోటీ ఒక్కటే కాదు, చివరి మంచు రాత్రుల్లో ఎత్తు గడ్డి ఉన్న తోట చల్లబడుతుంది. నున్నగా తడిగా ఉన్న నేల పగటి వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది, గడ్డి దాన్ని అడ్డుకుంటుంది. మంచు భయం ఉన్న పల్లంలో పూల సందుల్ని కూడా 10 సెంటీమీటర్లకు దించాలి.

పూల సందుల్ని ఒకేసారి కోయొద్దు. ఒక సందు కోసి, పక్కది పది పదిహేను రోజులు ఆగి కోయండి. ముఖ్యంగా తీగ పూతలో ఉన్నప్పుడు ఎండిన పూల పట్టీ అంతా ఒకేరోజు కోస్తే, అందులోని తామర పురుగులన్నీ తీగ పూతకు ఎక్కుతాయి. ఆవ కూడా కలిపి వేసేవాళ్లకు ఇంకొకటి: ఆవ నిలబడే ఎండిపోతే దాని మీది రసం పీల్చే చిన్న పురుగులు గుంపులుగా లేత తీగల మీదికి దూకుతాయి. పచ్చిగా ఉండగానే కోసేయాలి.

ఏ పురుగుమందైనా కొట్టాల్సి వస్తే ముందురోజు కింది పూలు కోసేయండి. తేనెటీగలు తిరుగుతున్న పూల మీద తుంపర పడకూడదు.

రసం తూకం:

పచ్చిరొట్ట గారి లెక్క బాగుంది కానీ బార్లీని అన్ని మధ్య సందుల్లో వేయమనడం నేను ఒప్పుకోను. ఇది వైన్ ద్రాక్ష. తోటలో పచ్చదనం ఎంత బాగున్నా తొట్టెలో రసం పులవకుండా ఆగితే ఏం లాభం?

గడ్డిజాతి మొక్క తీగతో నత్రజని కోసం పోటీ పడుతుంది. మొదటి ఏడాది ఏమీ కనిపించదు. రెండో మూడో ఏడాది నుంచి రసంలో ఈస్ట్ వాడుకోగల నత్రజని తగ్గుతుంది. లీటరుకు 140 మిల్లీగ్రాముల కిందికి పోతే పులియడం మందగించవచ్చు, మధ్యలో ఆగవచ్చు, కుళ్లు గుడ్డు వాసన రావచ్చు. తెల్ల వైన్ రకాల్లో సువాసన కూడా పోతుంది. కాబట్టి విత్తే ముందే, ఈ ఏడాది రసానికి ఆ పరీక్ష చేయించి అంకె రాసి పెట్టుకోండి. తర్వాత ఏటా పోల్చుకోవడానికి అదే ఆధారం. తీగ పూత నిండుగా ఉన్నప్పుడు గుత్తికి ఎదురుగా ఉన్న ఆకుల కాడలు 60 నుంచి 100 దాకా ఏరి పరీక్షకు పంపడం కూడా అంతే అవసరం.

తోటను రెండుగా చూడండి. రెమ్మలు మీటరున్నర దాటి ఇంకా సాగుతున్న బలమైన భాగంలో బార్లీ వేయండి. అక్కడ అది మందే: జోరు తగ్గుతుంది, గుత్తులకు గాలి ఆడుతుంది, గుత్తి కుళ్లు తగ్గుతుంది. రెమ్మలు మీటరు లోపే ఆగిపోయే బలహీన భాగంలో బార్లీ వద్దు, వెచ్ లేదా క్లోవర్ మాత్రమే. సగం పూత దశలో కోసి ఆ కోతను తీగల మొదళ్లలోకి పడేలా విసిరే యంత్రం ఉంటే ఇంకా మంచిది. బలమైన భాగంలో మాత్రం పప్పుజాతి పైరు పొరపాటున కూడా వద్దు, నత్రజని ఎక్కువై ఆకు కమ్ముకుంటుంది.

బూజు, బూడిద అడిగారు. సందులో పైరు ఉన్నంత మాత్రాన రావు. పైరు ఎత్తు గుత్తుల దాకా పెరిగితే తేమ నిలిచి వస్తాయి. మోకాలి దాటనివ్వకండి. నేల కప్పి ఉండటం బూజుకు కొంత అడ్డు కూడా, ఎందుకంటే దాని మొదటి సోకు నేల మీది పాత ఆకుల నుంచి వాన చినుకుల చిందులతో పైకి వస్తుంది.

నీళ్ల సంగతి: 30, 60 సెంటీమీటర్ల లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కి చూడండి. 30 దగ్గర ముద్ద కట్టడం మానేస్తే మిగతా పూల సందుల్లో సగం కోసేయండి. 60 దగ్గర కూడా పొడిబారితే అన్నీ కోయాలి. ఈ విషయంలో పూల మీద మమకారం పనికిరాదు.

తీగసాలు:

చాలా వివరంగా చెప్పారు, అందరికీ నమస్కారాలు. బలహీన భాగం మా తోటలో పడమటి ఎకరం, అక్కడ బార్లీ మానేస్తాను. ఇంకో రెండు సందేహాలు. తోట పక్క వాగు గట్టున అడవి బ్లాక్‌బెర్రీ పొద ఉంది. అనాగ్రస్‌కు మంచిదని ఉంచాలా, తీసేయాలా? కత్తిరింపు కర్రల్ని కుప్పగా వేసి పురుగులకు ఇల్లుగా వదిలేయొచ్చా?

గట్టుకంచె:

రెండింటికీ జవాబు మీ ప్రాంతంలో ఏ తెగుళ్లు ఉన్నాయన్నదాని మీదే ఉంది.

బ్లాక్‌బెర్రీ అనాగ్రస్‌కు మంచిదన్న పేరు ఎందుకొచ్చిందంటే, ద్రాక్ష పచ్చదోమ చలికాలం పెద్ద పురుగుగానే గడుపుతుంది, గుడ్లు పెట్టదు. అనాగ్రస్‌కు మాత్రం గుడ్డు లేనిదే గడవదు. అందుకని వేరే దోమజాతుల గుడ్లుండే పొద మీద చలికాలం దాటుతుంది. 1960లలో కాలిఫోర్నియాలో డౌట్, నకాటా అనే శాస్త్రవేత్తలు దీన్ని బ్లాక్‌బెర్రీ పొదల దగ్గర గుర్తించారు. తర్వాత అక్కడ ప్రూన్ రకం ప్లమ్ చెట్లను, గాలి వచ్చే వైపున, తోట అంచుల్లో నాటారు. కందిరీగ వసంతంలో గాలివాటున తోటలోకి చేరాలని.

అయితే అదే బ్లాక్‌బెర్రీ మీద పండు ఈగ డ్రోసోఫిలా సుజుకీ కూడా పెరుగుతుంది. పలుచని తొక్క ఉన్న ఎర్ర రకాలకు ముప్పు. తీగను ఎండగొట్టే జైలెల్లా బాక్టీరియా ఉన్న చోట దాన్ని మోసే పురుగులకు వాగు గట్టు పొదలు స్థావరం. మీ దగ్గర ఈ రెండింటిలో ఏది ఉన్నా తోట వైపు పొద తీసేసి, అంచున ప్రూన్ చెట్లో గులాబీ జాతి పొదలో నాటండి. అవీ అనాగ్రస్‌కు చలికాలపు ఇల్లే. రెండూ లేకపోతే ఉంచి, పండ్లు పండే లోపు ఏటా కత్తిరించండి. వాగు గట్టును మాత్రం ఒకేసారి బోడి చేయకండి, మట్టి కోసుకుపోతుంది. ఒక ముక్క తీసి, స్థానిక పొద నాటి, వేరు పట్టాక తర్వాతి ముక్క.

కంచెకు ఒకే జాతి వద్దు, ఐదారు రకాలు కలపండి. పూతలు ఒకదాని తర్వాత ఒకటి రావాలి, ఏ నెలా తేనె లేకుండా పోకూడదు. ద్రాక్ష పండే సమయంలోనే పండే పొదలు మాత్రం నాటొద్దు, పిట్టలు వాటికని వచ్చి గుత్తుల మీద పడతాయి.

తీగల మొదళ్లలో తీగకలుపు, దురదగొండి జాతి నెటిల్ ఉంటే చూసుకోండి. బ్వా న్వార్ అనే పసుపు తెగులు ఉన్న ప్రాంతాల్లో దాన్ని మోసే పురుగు వీటి వేళ్ల మీద పెరుగుతుంది. పెద్ద పురుగులు ఎగిరే వేసవి వారాల్లో నెటిల్‌ను కోస్తే అవన్నీ తీగ ఎక్కుతాయి. ఎగరడం మొదలు కాకముందే తీసేయాలి.

కత్తిరింపు కర్రల కుప్ప మటుకు వద్దే వద్దు. యూటైపా లాంటి కాండం తెగుళ్ల బీజాలు పాత ద్రాక్ష కర్ర మీదే తయారై, వాన రోజుల్లో కొత్త కోత గాయాల్లోకి దిగుతాయి. కర్రను సన్నగా తురిమి బాగా మగ్గిన కంపోస్టు చేయండి, లేదా తోట దాటించండి. పురుగులకు, తొండలకు, పాములకు ఇల్లు కావాలంటే రాళ్ల కుప్ప, వేరే చెట్ల ఎండు మానులు చాలు.

పచ్చని నేలతో పాటు ఎలుకలూ వస్తాయి. చలికాలంలో కాండం చుట్టూ 30 సెంటీమీటర్లు గడ్డి లేకుండా ఉంచాలి, లేకపోతే గడ్డి మాటున కూర్చుని బెరడు చుట్టూ కొరికేస్తాయి. కలుపు తీసే దారపు యంత్రం కూడా అదే గాయం చేస్తుంది, లేత తీగలకు తొడుగు వేయండి. బార్న్ గుడ్లగూబ పెట్టె పెట్టేటట్టయితే ద్వారం 13 సెంటీమీటర్లు చదరం, ద్వారం అడుగు నుంచి పెట్టె నేలకు కనీసం 45 సెంటీమీటర్లు ఉండాలి. లోతు తక్కువైతే పిల్లలు ఎగరడం రాకముందే కిందపడతాయి. పెట్టె పెట్టాక ఎలుకల మందు పూర్తిగా ఆపాలి, విషం తిన్న ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా పోతుంది. గుడ్లగూబలు ఎలుకల్ని తగ్గిస్తాయి, తుడిచిపెట్టవు.

భూతద్దం:

ఎవరూ రాగి ఊసెత్తలేదు. సేంద్రియ తోటల్లో బూజుకు ప్రధాన ఆసరా అదే, కానీ రాగి నేలలో కరిగిపోదు, ఏటా పేరుకుంటుంది. పేరుకుంటే మొదట తగ్గేది వానపాములు. యూరోపియన్ యూనియన్‌లో ఏడేళ్లకు హెక్టారుకు 28 కిలోలు మించకూడదన్న నియమం 2019 నుంచి అమల్లో ఉంది, సగటున ఏడాదికి 4 కిలోలు, అంటే ఎకరానికి కిలోన్నర పైచిలుకు. ఇది రాగి లోహం లెక్క, మందు బరువు కాదు. 50 శాతం రాగి ఉన్న మందు కిలో కొడితే అర కిలో రాగి. ఇలా ప్రతి దఫా రాసిపెట్టండి. ఆకు ఎదిగిన కొద్దీ మోతాదు పెంచుతూ, లేత దశలో తక్కువతో సరిపెట్టండి.

వానపాముల్ని కూడా లెక్కపెట్టండి. చలికాలపు తడి నేలలో 20 సెంటీమీటర్ల పొడవు, వెడల్పు, లోతుతో గడ్డ తీసి పట్టా మీద చిదిపి లెక్కించాలి. ప్రతి భాగంలో ఐదు చోట్ల, ఏటా అదే నెలలో.

ఇంకొకటి, ఇది మొదటి ఏడాదే చేయాలి, తర్వాత చేయలేరు. తోట మధ్యలో పది వరుసలు పాత పద్ధతిలోనే వదిలేయండి. ఆ వరుసల్లోనూ, పూలు వేసిన వరుసల్లోనూ వారానికోసారి 20 ఆకుల చొప్పున పచ్చదోమ పిల్ల పురుగులు, ఎర్ర గుడ్లు, మిత్రనల్లి లెక్కించండి. వైన్ ద్రాక్ష మొదటి తరం దోమలో ఆకుకు 15 నుంచి 20 పిల్ల పురుగుల దాకా ఓర్చుకుంటుంది. ఆ అంకె దాటక ముందే మందు పట్టుకుంటే అనాగ్రస్ పనికి వచ్చే లోపు మీరే దాన్ని ఆపినట్టు. ఆ పది వరుసలు లేకపోతే, వచ్చే ఏడాది దోమ తగ్గినా అది పూల వల్లో వాతావరణం వల్లో తేల్చుకోలేరు.